మిగిలిపోయిన ఆయిల్

గిరిజ మేడమ్ కారు షెడ్డు దాటి వెళ్లిన అరగంటకు యేసేపు పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాల్లోకి వంచుతూ కూర్చున్నాడు. ఎక్కడంటే అక్కడ పారబోయడం అతనికి నచ్చదు. డబ్బాల్లో నింపి మూత బిగించి ఒక మూల పెడతాడు. మరిగించిన డికాషన్‌లా నల్లగా, మాడు వాసన కొడుతున్న ఆయిల్ అది. ఒక లీటరు డబ్బా నిండింది. రెండోది నిండింది. మూడోదీ నిండింది. నాలుగో డబ్బా మెడ దాకా వచ్చాక తొట్టి ఖాళీ అయింది.

చేతులు తుడుచుకుంటూ లేచి గూట్లోకి చూశాడు. అక్కడ కొత్త ఆయిల్ డబ్బాలు రెండు సీలు విప్పకుండా ఉన్నాయి. పక్కనే సగం వాడిన డబ్బా ఒకటి. కర్నూలు నుంచి తెప్పించినవి మొత్తం ఐదు.

గేరుబాక్సులోంచి దించింది నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ. పోసింది రెండున్నర.

గుడ్డ అతని చేతిలోనే ఉండిపోయింది.

యేసేపు బస్సు డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు గేరుబాక్సుల పనే చేశాడు. రిటైరయ్యాక ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మొదట్లో ఈ షెడ్డు వేసుకున్నాడు. ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు వస్తాయి. క్లచ్ లేని కారు పని ఇంతకుముందు ఒక్కటీ చేయలేదు. ఊళ్లో మిగతా వాళ్లు కూడా అంతే. శనివారం పొద్దున గిరిజ మేడమ్ కారును ట్రాక్టరుకు కట్టి లాగించుకొని వచ్చేసరికే నాలుగు షెడ్లు తిరిగింది. ఆటోమేటిక్ అనగానే అందరూ తల అడ్డంగా ఊపారు.

ఆమె పెద్దకడుబూరు మండలంలో ఒక బడిలో టీచరు. చిన్నప్పుడు వచ్చిన పోలియోతో ఎడమ కాలు సన్నబడిపోయింది, ఆ కాలితో క్లచ్ తొక్కలేదు. అందుకే వాడిన కారైనా సరే ఆటోమేటిక్ కొనుక్కుంది. ఆ గేరుబాక్సుకు ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని అమ్మినతను చెప్పాడట. ఆమె నమ్మింది. భర్త వెంకోబారావు మంత్రాలయంలో సంస్కృత పాఠాలు చెప్పేవాడు. రెండేళ్ల కిందట కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు ఆదోనిలో డయాలసిస్. తీసుకెళ్లేది, తీసుకొచ్చేది ఆమే.

శుక్రవారం ఆ దారిలోనే కారు ఆగిపోయింది. ఇంకో బండి దొరికి ఆదోని చేరేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. సోమవారం పన్నెండున్నరకు రమ్మన్నారు.

"అన్నా, సోమవారానికి అయితాదా? ఒకసారి తప్పినందుకే కాళ్లు పొంగినాయి ఆయనకు" అని అడిగింది ఆమె. యేసేపు కాదనలేకపోయాడు. ఫిల్టర్ మూసుకుపోయిందని, ఆయిల్ మాడిపోయిందని విప్పగానే తెలిసింది. ఫిల్టర్ మార్చాడు. సోమవారం పొద్దున బస్సులో వచ్చిన ఆయిల్ పోశాడు. అడుగున, ఆయిల్ నిండిందో లేదో చూసే లెవెల్ బోల్ట్ విప్పితే ఆయిల్ కారింది. నిండింది కాబట్టే కారింది అనుకొని బిగించాడు. ఊరి చివరిదాకా తోలి చూస్తే కారు మెత్తగా పోయింది. పదకొండింటికి ఆమె ఆటోలో వచ్చి, "టాక్సీ మాట్లాడి పెట్టినానన్నా, దేనికైనా మంచిదని. దాన్ని రమ్మందునా?" అంది.

"ఎందుకు మేడమ్ టాక్సీ? బండి రెడీ. నన్ను నమ్మి తీసకపోండి" అన్నాడు యేసేపు.

ఆమె అతని ఎదుటే ఫోన్ చేసి టాక్సీని వద్దని చెప్పింది. భర్తను ఎక్కించుకోవడానికి కారు తోలుకొని ఇంటికి పోయింది.

ఇప్పుడు గూట్లోని డబ్బాలను చూస్తుంటే ఆ మాటే చెవిలో మోగుతోంది. బళ్లారిలో ఇలాంటి కార్ల షెడ్డు నడిపే శశికాంత్‌కు ఫోన్ చేశాడు. డిపోలో ఒకప్పుడు తన కింద పని నేర్చుకున్నవాడే. ఏ ఆయిల్ తెప్పించాలో శనివారం చెప్పింది అతనే.

"ఏమన్నా, అయిపాయనా పని?"

"అయిపాయ. శశీ, ఒక మాట సెప్పు. దించింది నాలుగు లీటర్లకు దగ్గర. పోసింది రెండున్నరే. లెవెల్ బోల్ట్ కాడ కారింది, ఇంగ సాలని బిగించినా."

"ఇంజన్ నడుస్తాండంగానే కదన్నా సూసినావు?"

"లేదప్పా. ఆపి సూసినా."

"అయ్యో అన్నా! అవి బస్సు గేరుబాక్సులు కాదు. దీంట్ల ఇంజన్ స్టార్ట్ చేస్తానే పంపు ఆయిలంతా పైకి లాగేస్తాది. ఆపి సూస్తే నిండినట్టే కనపడతాది. నడుస్తాంటే సూడాల."

"ఇప్పుడేమైతాది?"

"సల్లగా ఉన్నంతసేపు పోతాది. వేడెక్కితే పట్టు జారతాది. అట్లనే తోలితే లోపల ప్లేట్లు కాలిపోతాయి. బండి యాడుందో ఆడ్నే ఆపమను."

గిరిజ నంబరుకు చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. తోలేటప్పుడు ఫోన్ ముట్టనని, శబ్దం ఆపి బ్యాగులో పడేస్తానని శనివారం ఆమే చెప్పింది. ఐదోసారి కూడా ఎవరూ ఎత్తకపోయేసరికి ఫోన్ జేబులో వేసుకున్నాడు.

అప్పుడొక ఆలోచన వచ్చింది, తనంతట తానే. ఆ గేరుబాక్సు ముందే మాడిపోయి ఉంది. దారిలో ఆగితే పాతది కాబట్టి పోయింది అంటారు. గూట్లోని డబ్బాలు ఎవరూ వచ్చి లెక్కపెట్టరు. ఎమ్మిగనూరులో ఈ పని తెలిసినవాడు లేడు కాబట్టి తప్పు పట్టేవాడూ లేడు.

మరుక్షణం వెంకోబారావు మొహం గుర్తొచ్చింది. శనివారం ఆయన కూడా భార్య వెంట షెడ్డుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చొని, వాచిన పాదాలు చెప్పుల్లో పట్టక నేల మీద పెట్టుకొని, "శ్రమ ఇస్తున్నామప్పా నీకు" అన్నాడు.

"ప్రభువా" అని గొణిగి యేసేపు మిగిలిన డబ్బాలు సంచిలో వేశాడు. గరాటు, పొడుగాటి రబ్బరు గొట్టం, రెండు పానాలు తీసుకున్నాడు. షెడ్డు తలుపు కూడా వేయకుండా మోటారుసైకిల్ ఎక్కాడు.

ఏప్రిల్ ఎండ నెత్తి మీద నిప్పు పోస్తున్నట్టుంది. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేలు నోళ్లు తెరుచుకొని ఉన్నాయి. రోడ్డు మీద మనిషి లేడు. యాభై తొమ్మిదేళ్ల వయసులో యేసేపు ఎప్పుడూ అంత వేగంగా తోలలేదు. ఎదురుగా తెల్లగా ఏది కనబడ్డా ఆ కారే అనుకున్నాడు. దగ్గరికొస్తే ఒకటి పాలవ్యాను, ఇంకొకటి గుడిసె మీద కప్పిన పట్ట.

కోటేకల్లు చేరుతుండగా జేబులో ఫోన్ మోగింది. పక్కకు ఆపి ఎత్తాడు.

"యేసేపన్నా!" అవతల గిరిజ. "బండి కదలడం లేదు. ఇంజన్ అరుస్తాది, బండి మాత్రం పోదు. ఈయనకు ఊపిరి ఆడటం లేదన్నా. 108కి చేస్తే అంబులెన్సు కౌతాళం పోయింది, గంట పడతాది అంటున్నారు."

"ఇంజన్ ఆపేయండి మేడమ్. నేను వస్తాండాను. కోటేకల్లుకాడ ఉన్నాను."

"కోటేకల్లులోనా? నేనిప్పుడే కదా చేస్తున్నాను. నీకెట్లా తెలిసింది?"

"తప్పు నాది మేడమ్. ఆయిల్ తక్కువ పోసినాను. మీరు పోయినాక తెలిసింది. మిగిలింది తెస్తాండాను."

అవతల దగ్గు వినబడింది, ఆడమనిషిది కాదు. తర్వాత ఫోన్ కట్ అయింది.

ఊరు దాటి మూడు కిలోమీటర్లకు కారు కనబడింది. చుట్టూ చెట్టన్నది లేదు. నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. వెంకోబారావు వెనక సీట్లో ముందుకు వంగి, రెండు చేతులూ ముందు సీటుకు ఆనించి కూర్చున్నాడు. వెనక్కి వాలితే ఊపిరి అందడం లేదు. ఒక్కో శ్వాస తీసుకునేటప్పుడు మెడ నరాలు బయటికి వస్తున్నాయి. గిరిజ తలుపు పట్టుకొని ఎండలో నిలబడి చీర కొంగుతో విసురుతోంది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి.

"బస్సు ఒకటి పోయింది" అంది యేసేపు దిగకముందే. "చెయ్యి ఊపుకుంటూ నేను రోడ్డు మధ్యకు నడిచేలోపల పోయింది. నేను పరిగెత్తలేనని నీకు తెలుసు కదా. నీ మాట నమ్మి టాక్సీ వద్దన్నాను కదా!"

ఆఖరి మాటలు అరుపయ్యాయి. యేసేపు తల వంచుకొని నిలబడ్డాడు.

వెంకోబారావు తల ఎత్తకుండానే, "గిరిజా" అన్నాడు. మధ్యలో రెండు శ్వాసలు తీసుకున్నాడు. "తర్వాత తిట్టు. ముందు... ఆయిల్ పోయనీ ఆయప్పను."

యేసేపు బానెట్ ఎత్తాడు. లోపలి ఇనుము మొత్తం కాగుతోంది. ఆయిల్ పోసే బోల్ట్ గేరుబాక్సు పైన, ఇంజన్ వెనకాల లోతుగా ఉంది. పానా పెట్టి తిప్పేటప్పుడు మణికట్టు గొట్టానికి తగిలి చురుక్కుమంది. చెయ్యి తీయలేదు. బోల్ట్ విప్పి రబ్బరు గొట్టం దించి, గరాటు పెట్టి సగం డబ్బా వంచాడు. తర్వాత సీలు విప్పి ఇంకొక లీటరు. కొంత ఒలికి ఇంజన్ మీద పడి పొగ లేచింది. సన్నటి గొట్టంలోంచి ఎర్రటి ఆయిల్ దిగడానికి ఎంతసేపు పడుతోందో! వెనక సీట్లోంచి వచ్చే ప్రతి శ్వాసనూ అతను విన్నాడు. ఒకటి రావడం ఆలస్యమైతే చెయ్యి ఆగిపోయేది.

"అయిందా?" అంది గిరిజ.

"పోసింది సరిపోయిందో లేదో సూడాల మేడమ్. ఈసారి ఇంజన్ నడుస్తాంటేనే సూడాల. మీరు ఎక్కి స్టార్ట్ చేయండి."

ఆమె సీటు పట్టుకొని ఎక్కి కూర్చుంది. బ్రేకు మీద కాలు గట్టిగా అదిమిపెట్టి గేర్లన్నీ ఒక్కోసారి వేసి మళ్లీ పార్కింగ్‌లో పెట్టమన్నాడు. ఆమె వేసింది. కారు ఒక్కో గేరుకూ చిన్నగా కుదిపి నిలబడింది. పట్టు దొరికిందని యేసేపుకు ఆ కుదుపులోనే తెలిసింది. పోదాం పదండి అనాలని నోటి దాకా వచ్చింది. పొద్దున కూడా ఇలాగే అనుకొని కదా బిగించాడు! ఎక్కువైనా నురగ కట్టి చెడుతుంది, తక్కువైతే ఇంకో ఐదు కిలోమీటర్లకు మళ్లీ ఆగుతుంది. ఆదోని ఇంకా పదిహేను కిలోమీటర్లు.

రోడ్డు పక్కన రెండు రాళ్లు తెచ్చి చక్రాలకు అడ్డం పెట్టాడు. జాకీ పెట్టి ఒకవైపు ఎత్తితే లోపల ఆయిల్ వాలిపోతుంది, లెవెల్ తెలియదు. అలాగే దూరాలి. నయం, కారు కొంచెం ఎత్తుగా ఉండే రకం, తను సన్నటి మనిషి.

"మేడమ్, నేను కిందికి పోతాండాను. పార్కింగ్‌లనే ఉండనీండి. దాన్నొక్కదాన్నే నమ్మలేం, బ్రేకు మీద కాలు తీయొద్దండి. ఏమైనా తీయొద్దండి."

గిరిజ కిటికీలోంచి అతన్ని చూసింది. ఆ ఒక్క కాలే ఆమెకు పనిచేసేది. శుక్రవారం నుంచి ఆమె సరిగా నిద్రపోలేదు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. "తీయను" అంది.

తారు వీపుకు అంటుకుంది. పైన నడుస్తున్న ఇంజన్ మొహం మీదికి వేడి ఊదుతోంది. చేతిని తడుముతూ పంపి లెవెల్ బోల్ట్‌కు పానా పట్టించాడు. విప్పుతున్నప్పుడు కారు కొంచెం కదిలినట్టనిపించింది. అది ఇంజన్ అదురే. పైనుంచి గిరిజ గొంతు వినబడింది. ఆమె అతనితో మాట్లాడటం లేదు. "ఇంకొంచెం... ఇంకొంచెం సేపు" అంటోంది, భర్తతోనో, తన కాలితోనో.

బోల్ట్ ఊడింది. ఏమీ రాలేదు.

ఒక క్షణం గడిచింది. యేసేపు ఆ రంధ్రం కేసి చూస్తూ, మిగిలిన ఆ ఒక్క డబ్బా కూడా పోయాలేమో, అంతసేపు ఆయన ఆగుతాడా అనుకున్నాడు. అప్పుడు ఒక బొట్టు పడింది. వెనకనే ఇంకొకటి. ఆ తర్వాత దారంలా సన్నగా, ఎర్రగా కారడం మొదలైంది. సలసలా కాగిన ఆయిల్ ముంజేతి మీదుగా మోచేతి దాకా పారింది. అతను అరవలేదు. అరిస్తే ఆమె కాలు బ్రేకు మీంచి లేస్తుందేమోనని భయం. పళ్లు బిగించి, ఆ కారుతున్న ఆయిల్లోనే బోల్ట్ పట్టుకొని తిప్పి బిగించాడు.

పాకి బయటికొచ్చి పై బోల్ట్ కూడా బిగించి, బానెట్ దించి రాళ్లు తన్నేశాడు. "పోనీండి!" అంటూ వెనక తలుపులోంచి ఎక్కి వెంకోబారావు పక్కన కూర్చున్నాడు. మోటారుసైకిల్ రోడ్డు పక్కనే ఉండిపోయింది.

కారు కదిలింది. మొదట గిరిజ భయపడుతూ తోలింది. తర్వాత భయం కూడా మరిచిపోయింది. వెంకోబారావు వాలిపోకుండా యేసేపు కాలని చేతితో ఆయన ఛాతీని పట్టుకొని కూర్చున్నాడు. ఆరేకల్లు దాటాక ఆయన కళ్లు మూతపడసాగాయి.

"సామీ, కళ్లు తెరవండి. సామీ, నాతో మాట్లాడండి."

"ఏం... మాట్లాడాలప్పా?"

"ఏదైనా. పిల్లోళ్లకు సెప్పే పాఠం సెప్పండి."

ఆయన పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు కానీ కదులుతూనే ఉన్నాయి. గిరిజ అద్దంలోంచి ఆ పెదవులనే చూస్తూ తోలింది.

ఒంటిగంటకు ఆదోని ఆసుపత్రి ముందు ఆగారు. ఇద్దరు వచ్చి స్ట్రెచర్ మీద ఎక్కించారు. మొహానికి ఆక్సిజన్ పెట్టి లోపలికి తోసుకెళ్లారు. గిరిజ కుంటుతూ వెంట పోయింది. తలుపు మూసుకుంది.

యేసేపు వరండాలో నేల మీద కూర్చున్నాడు. ఒక నర్సు చెయ్యి చూసి తిట్టి, నీళ్లు పోసి, మందు రాసి కట్టు కట్టింది. ఎలా కాలిందని అడిగితే, "నా పనే" అన్నాడు. లోపల ఏమవుతోందో అడగడానికి ధైర్యం చాలలేదు. ఎవరైనా పరుగున బయటికి వస్తే లేచి నిలబడేవాడు. రెండు గంటలు అలా గడిచాయి.

గిరిజ బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. "ఒంట్లో నీళ్లు తీస్తున్నారు. ఊపిరి నిమ్మళించింది. ఇంకా రెండు గంటలు పడతాది అన్నారు."

యేసేపు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు. కొంచెం ఎడంగా ఉన్న బల్ల మీద కూర్చుంది.

"ఆయనకేమన్నా అయింటే?" అంది.

"ఆ పాపం నాదే మేడమ్."

"నువ్వు రాకపోయింటే, పాతబండి కదా, పోయింది అనుకునేదాన్ని. నీ మీద అనుమానం కూడా వచ్చేది కాదు."

"అదీ అనుకున్నా మేడమ్" అన్నాడు యేసేపు. "షెడ్డుకాడ ఒక నిమిషం అట్లా అనుకున్నా. అది కూడా మీకు తెలియాల."

ఆమె తిరిగి అతని వంక చూసింది. కోపం పోయినట్టు లేదు. కానీ చూపు కట్టు మీదికి దిగి, అక్కడ కొంతసేపు ఆగింది. "బ్రేకు మీద కాలు తిమ్మిరెక్కింది నాకు" అంది. "మొద్దుబారిపోయింది. తొక్కుతున్నానో లేదో కూడా తెలియలేదు. నీకు చెప్తే బయటికి వచ్చేస్తావని చెప్పలేదు."

యేసేపు కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. ఇద్దరూ ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.

గేరుబాక్సులో పాత మురికి ఇంకా ఉంటుందని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి ఆయిల్ మార్చాలని ఆ సాయంత్రం యేసేపు చెప్పాడు. ఇంకెక్కడైనా చేయించుకోమన్నాడు. బళ్లారిలో శశికాంత్ నంబరు కాగితం మీద రాసిచ్చాడు.

ఆమె బళ్లారి పోలేదు. మే నెల చివర్లో ఒక ఉదయం కారు షెడ్డు ముందు ఆగింది. శశికాంత్‌కు ఫోన్ చేసి, ఏది ముందు ఏది వెనక అన్నీ అడిగి, గుండ్రటి అక్షరాలతో రెండు పేజీలు రాసుకొని వచ్చింది. వెంకోబారావు వెనక సీట్లోనే కూర్చొని ఉన్నాడు. మనిషి ఇంకా చిక్కాడు.

"నేను ఒక్కొక్కటే చదువుతాను" అంది గిరిజ స్టూలు లాక్కొని. "నేను చదివినాకే చెయ్యాల. తెలుసు కదా అని ముందుకు పోవద్దు."

"సరే మేడమ్."

యేసేపు ఆయిల్ దించి, కొలత గిన్నెలో కొలిచి అంకె చెప్పాడు. ఆమె కాగితం మీద రాసుకుంది. దించిన ఆయిల్‌ను వేలికి రాసుకొని ఎండలోకి వెళ్లి చూశాడు. మునుపటంత నలుపు లేదు. కానీ వేలి కొన మీద సన్నటి మెరుపు ఉంది, లోపల అరిగిన ఇనుపరజను. ఆమె ముందుకు పట్టి చూపించాడు.

"ఆ పొద్దు పట్టు జారింది కదా, దాని గుర్తు."

"ఇంకా ఎన్నాళ్లు వస్తాది ఈ గేరుబాక్సు?"

"తెలియదు మేడమ్" అన్నాడు యేసేపు.

గిరిజ ఆ వేలిని చూసింది. తర్వాత కళ్లజోడు సరిచేసుకొని కాగితంలో తర్వాతి వరుస చదివింది.